రోనీ సైజ్ అండ్ పార్టీ

1997లో ఇంగ్లండులో మెర్క్యురీ ప్రైజు ఎవరికిచ్చారన్నది ఇప్పటికీ కొందరికి మింగుడుపడని విషయం. ఏటా బ్రిటన్, ఐర్లండుల్లో వచ్చిన ఆల్బంలలోంచి ఒక్కదాన్ని ఎంచి ఇచ్చే బహుమతి ఇది. ఆ ఏడు తుదిజాబితాలో పది ఆల్బంలున్నాయి. రేడియోహెడ్ వాళ్ళ 'ఓకే కంప్యూటర్' ఉంది. ప్రాడిజీ వాళ్ళ 'ద ఫ్యాట్ ఆఫ్ ద లాండ్' ఉంది. కెమికల్ బ్రదర్స్, ప్రైమల్ స్క్రీమ్, స్వేడ్ ఉన్నారు. ఆఖరికి స్పైస్ గర్ల్స్ కూడా ఉన్నారు. గెలిచింది వీళ్ళెవరూ కాదు. బ్రిస్టల్ నుంచి వచ్చిన ఓ డ్రమ్ అండ్ బేస్ బృందం. ఆల్బం పేరు 'న్యూ ఫార్మ్స్'. అట్ట మీద బృందం పేరు ఇలా ఉంటుంది: రోనీ సైజ్ / రెప్రజెంట్.

రేడియోహెడ్ అభిమానులు (నేనూ ఆ బాపతే) దీన్ని అన్యాయాల చిట్టాలో ఎప్పుడో రాసేసుకున్నారు. "ఓకే కంప్యూటర్‌ని ఓడించేంతటిదా ఇది? ఏదీ చూద్దాం" అని పుల్లవిరుపుగా వెతుక్కుంటూ వెళ్ళి విన్నవాళ్ళలో నేనొకణ్ణి. వెళ్ళాక అక్కడే ఉండిపోయాను. ఇన్నేళ్ళయినా అర్ధరాత్రి కోడు రాసేటప్పుడు చెవుల్లో మోగేది ఎక్కువగా ఇదే.

ఏది గొప్పదన్న పంచాయితీ ఈ టపాలో పెట్టను. రెండూ గొప్పవే, కావాలంటే కొట్టుకోండి :) నన్ను పట్టుకుని వదలనిది వేరే ఉంది. ఆ పేరు మధ్యలో ఉన్న అడ్డగీత. రోనీ సైజ్ ఒక మనిషి. రెప్రజెంట్ ఒక జట్టు. మధ్యలో ఒక గీత. ఆ గీతకి ఇటు ఉన్న మనిషి పేరు అందరికీ తెలుసు. అటు ఉన్నవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు?

సరే, ముందు డ్రమ్ అండ్ బేస్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. (తెలిసినవాళ్ళు రెండు పేరాలు దాటెయ్యండి.) సంగతంతా పేరులోనే ఉంది. మామూలు పాటలో డ్రమ్సూ బేస్ గిటారూ వెనకాల ఉండి పాటని మోస్తుంటాయి. ముందు గాయకుడో, గిటారో, వయొలిన్లో ఉంటాయి. ఇక్కడ ఆ మోసేవాళ్ళనే తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. వేగం నిమిషానికి 170 దెబ్బలకి కాస్త అటూ ఇటూ. మొదటిసారి వింటే "అబ్బ, ఏంటీ గోల, ఎవరో మెట్ల మీంచి స్టీలు సామాను జారవిడిచారా" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

కిటుకు బేస్ దగ్గర ఉంది. డ్రమ్స్ 170లో పరిగెడుతుంటే బేస్ అందులో సగం వేగంతో, 85లో, నింపాదిగా నడుస్తుంది. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం క్లాసులకి వెళ్ళినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. ఒకే తాళానికి ఒకరు మొదటి కాలంలోనూ ఇంకొకరు రెండో కాలంలోనూ కలిసి పాడుతున్నారనుకోండి, అదీ సంగతి. మీ కాలు ఏ కాలాన్ని పట్టుకుంటే పాట అలా వినబడుతుంది. డ్రమ్స్‌ని పట్టుకుంటే పరుగు. బేస్‌ని పట్టుకుంటే ఉయ్యాల. ఈ ముక్క తెలిశాక ఆ స్టీలు సామాను చప్పుడు కాస్తా వరసలో పడిపోతుంది.

ఇహ ఆ డ్రమ్స్ ఎక్కడివి అన్న ప్రశ్న. ఈ సంగీతం మొదలైన రోజుల్లో, అంటే 1990ల మొదట్లో దీన్ని జంగిల్ అనేవాళ్ళు, వీళ్ళలో చాలామంది దగ్గర డ్రమ్ సెట్టు లేదు. ఉన్నది శాంప్లరు. పాత రికార్డులోంచి ఒక చిన్న ముక్క కోసి అందులో పెట్టుకుని, కావలసిన వేగంలో, కావలసిన వరసలో మళ్ళీ వాయించే పెట్టె. ఆ రోజుల్లో పేరున్న అకాయ్ ఎస్1000 అనే శాంప్లరు 1988లో వచ్చింది. మామూలుగా దాంతో వచ్చే మెమరీ 2 మెగాబైట్లు. నాబోటి లెక్కల పిచ్చోళ్ళ కోసం: సీడీ నాణ్యతలో ఒక సెకను మోనో శబ్దానికి 88,200 బైట్లు కావాలి. అంటే 2 మెగాబైట్లలో పట్టేది ఇంచుమించు 23 సెకన్లు. అదనంగా మెమరీ కొనుక్కోవచ్చు గానీ అది ఖరీదైన వ్యవహారం. మొత్తం పాట ఆ కాసిని సెకన్లతోనే కట్టాలి. ఇవాళ ఫోన్లో ఒక 'గుడ్ మార్నింగ్' వీడియో అంతకన్నా ఎక్కువ జాగా తింటుంది.

అంత ఇరుకులో ఉన్నప్పుడు ఏ ముక్క కోస్తారు? చిన్నదీ, చేవ ఉన్నదీ. అలా వేల పాటల్లోకి వెళ్ళిన ముక్క ఒకటుంది. 1969లో ద విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం ఒక రికార్డు వేసింది. ముందు వైపు పాట బాగా పేరు తెచ్చుకుంది. వెనక వైపు జాగా నింపడానికి 'ఆమెన్, బ్రదర్' అనే వాద్యగీతం పెట్టారు. అందులో మధ్యలో మిగతా అందరూ ఆగిపోతే గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు ఒక్కడే నాలుగు ఆవర్తాలు వాయిస్తాడు. మొత్తం ఏడు సెకన్లలోపే. ఆ ముక్కని హిప్ హాప్ వాళ్ళు వాడుకున్నారు, తర్వాత ఇంగ్లండు జంగిల్ కుర్రాళ్ళు దాన్ని ముక్కముక్కలుగా తరిగి, వేగం పెంచి, తలకిందులు చేసి వాడుకున్నారు. ఒక సంగీతరీతి మొత్తానికి పునాదిరాయి అయి కూర్చుంది.

కోల్‌మన్‌కి దీని మీద పైసా రాలేదు. 2006లో చనిపోయేనాటికి ఆయనకి తలదాచుకోవడానికి ఇల్లు కూడా లేదు. ఆ బృందానికి నాయకుడైన రిచర్డ్ స్పెన్సర్‌కి 1996 దాకా ఈ సంగతే తెలియదు. తెలిసేసరికి చట్టప్రకారం దావా వెయ్యడానికి గడువు దాటిపోయింది. 2015లో ఇంగ్లండులో కొందరు డీజేలు సిగ్గుపడి చందాలు పోగుచేసి ఆయనకి 24 వేల పౌండ్లు అందజేశారు. బాగానే ఉంది. కానీ అప్పటికి కోల్‌మన్ పోయి తొమ్మిదేళ్ళు. ఆ ఏడు సెకన్లు వాయించిన చేతులు కోల్‌మన్‌వి కదా!

ఈ కథ ఎందుకు చెప్పానంటే, 'న్యూ ఫార్మ్స్' వచ్చేనాటికి ఈ సంగీతం గురించి జనంలో ఉన్న అభిప్రాయం ఇదే: మనుషులు లేని సంగీతం, పెట్టె సంగీతం, మీట నొక్కితే వచ్చే సంగీతం. నిజానికి ఆ పెట్టెలో మనుషులున్నారు. పేర్లు లేవంతే.

ఇప్పుడు బ్రిస్టల్‌కి వద్దాం. ఇంగ్లండుకి పడమరగా ఉన్న ఓడరేవు ఊరు. ఒకప్పుడు బానిసల వ్యాపారంతో బలిసిన ఊరు. 2020 జూన్‌లో ఎడ్వర్డ్ కోల్‌స్టన్ అనే బానిసల వ్యాపారి విగ్రహాన్ని జనం కూలదోసి ఈడ్చుకెళ్ళి నీళ్ళలో పడేశారు, గుర్తుండే ఉంటుంది, అది ఈ ఊరే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జమైకా నుంచీ చుట్టుపక్కల దీవుల నుంచీ చాలామంది పని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చారు. 1963 దాకా ఇక్కడి సిటీ బస్సుల్లో నల్లవాళ్ళకీ, ఆసియావాళ్ళకీ డ్రైవరు, కండక్టరు ఉద్యోగాలు ఇచ్చేవాళ్ళు కాదు. బస్సులెక్కడం మానేసి నాలుగు నెలలు పోట్లాడితే గానీ ఆ నియమం పోలేదు. పోయాక మొట్టమొదట కండక్టరుగా చేరినాయన రఘ్‌బీర్ సింగ్, మన పంజాబీ.

బయట హాళ్ళూ క్లబ్బులూ తమని సరిగ్గా రానివ్వని చోట ఈ జనం తమ ఇళ్ళలోనే, నేలమాళిగల్లోనే పాటల రాత్రులు పెట్టుకున్నారు. దానికి జమైకా నుంచి తెచ్చుకున్న పద్ధతి సౌండ్ సిస్టం. పేరుకి అదొక స్పీకర్ల దొంతర. నిజానికి అదొక జట్టు. రికార్డులు ఎంచేవాడొకడు, మైకు పట్టుకుని జనాన్ని హుషారు చేసేవాడొకడు, స్పీకర్లు తయారుచేసేవాడొకడు, వైర్లు చూసేవాడొకడు, సామాను మోసేవాళ్ళు ఇంకొందరు. ఊళ్ళో పేరు సిస్టానికి ఉండేది. "ఈ రాత్రి ఫలానా సిస్టం ఆడుతోంది" అనేవాళ్ళు. 1980లలో బ్రిస్టల్‌లో వైల్డ్ బంచ్ అనే సిస్టం ఉండేది, దాంట్లోంచే తర్వాత మాసివ్ అటాక్ పుట్టింది. రోనీ సైజ్ ఈ గాలి పీల్చి పెరిగిన కుర్రాడు. తల్లిదండ్రులు జమైకా నుంచి వచ్చినవాళ్ళు. అసలు పేరు ర్యాన్ విలియమ్స్.

అతను ఆల్బం చెయ్యబోయేసరికి సౌండ్ సిస్టం మనస్తత్వంతోనే చేశాడు. ముందే తనతోపాటు 'ఫుల్ సైకిల్' అనే చిన్న రికార్డు కంపెనీ నడుపుతున్న ముగ్గురు స్నేహితుల్ని కలుపుకున్నాడు: క్రస్ట్, డై, సువ్. ముగ్గురూ ఎవరికి వారే పేరున్న డీజేలు, సొంతంగా పాటలు కట్టేవాళ్ళు. ఇలాంటివాళ్ళు నలుగురు ఒక గదిలో కూర్చుని ఒకే పాట మీద పనిచెయ్యడమంటే ఏంటో సాఫ్ట్‌వేరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. నలుగురు ఆర్కిటెక్టుల్ని ఒక మీటింగులో కూర్చోబెట్టి చూడండి, లంచికి ఎక్కడికెళ్ళాలన్నది కూడా తేలదు.

పాడటానికి ఒనలీ వచ్చింది. మైకు మీద మాటల ధాటికి డైనమైట్ అనే ఎంసీ వచ్చాడు. నిలువెత్తు డబుల్ బేస్ వాయించడానికి సై జాన్ వచ్చాడు. డ్రమ్స్‌కి క్లైవ్ డీమర్ అనే ఆయన. 'న్యూ ఫార్మ్స్' అన్న పేరుపాటలో ఫిలడెల్ఫియా నుంచి బహమాడియా అనే ర్యాప్ గాయని గొంతు కలిపింది. రికార్డు వేసింది జైల్స్ పీటర్సన్ స్థాపించిన టాకిన్ లౌడ్ కంపెనీ. రెండు సీడీల నిండా పాటలు. 1997 జూన్‌లో విడుదలైంది.

ఇందులో నాకు చాలా ఇష్టమైన పాట 'బ్రౌన్ పేపర్ బ్యాగ్'. మొదట గిటారు తీగలు తీరిగ్గా మోగుతాయి, కింద డబుల్ బేస్ గొంతు సవరించుకుంటుంది. జాజ్ కచేరీలో ఉన్నామేమో అనిపిస్తుంది. తర్వాత డ్రమ్స్ వచ్చి పడతాయి. పడ్డాక ఆ డబుల్ బేస్ వరస మారదు, కంగారు పడదు, తన నడక తను నడుస్తుంది. ఇందాక చెప్పిన రెండు కాలాలూ ఇక్కడ కళ్ళకి కట్టినట్టు ఉంటాయి. మీట నొక్కితే వచ్చే సంగీతం అన్నవాళ్ళకి నేను ముందు వినిపించేది ఈ పాటే.

రెండోది 'షేర్ ద ఫాల్'. ఒనలీ పాడిన పాట. డ్రమ్స్ ఎంత వేగంగా ఉన్నా ఆమె దాని వెంట పరిగెత్తదు. బేస్ వేగంలో, మొదటి కాలంలో పాడుతుంది. వర్షంలో అందరూ పరిగెడుతుంటే ఒక మనిషి గొడుగు వేసుకుని నడుస్తున్నట్టుంటుంది. 'రెయిలింగ్'లో డైనమైట్ దీనికి పూర్తిగా ఎదురు. మాటల్ని డ్రమ్స్ మీద పరిచేస్తాడు, గొంతే ఇంకో డ్రమ్ము. ఈ ఇద్దరి పాటలూ పక్కపక్కన వింటే ఒకటి తెలుస్తుంది: ఒకే తాళంలో ఎవరు ఎక్కడ నిలబడాలో వాళ్ళే ఎంచుకున్నారు. ఒక్కడు కూర్చుని అందరి భాగాలూ రాసేస్తే ఇంత తేడా రాదని నా నమ్మకం.

ఇక క్లైవ్ డీమర్. ఈయన గురించి ఓ పేరా రాయకపోతే నాకు నిద్రపట్టదు. పాత రికార్డుల్లోంచి కోసిన డ్రమ్ముల మీద నిలబడ్డ సంగీతం ఇది. ముక్కలుగా తరిగి మిషను వేగంతో పేర్చిన ఆ దరువుల్ని వేదిక మీద రెండు చేతులతో, రెండు కాళ్ళతో, జనం ముందు ఒక మనిషి కూర్చుని వాయించడమంటే ఏంటో ఊహించండి. కోల్‌మన్ ఏడు సెకన్లు వాయించినదాన్ని పెట్టె మింగింది. పెట్టె కక్కినదాన్ని మళ్ళీ ఓ మనిషి నేర్చుకుని వాయించాడు. అంతటితో అయిపోలేదు. 1995లో మెర్క్యురీ గెలిచిన పోర్టిస్‌హెడ్ వాళ్ళ 'డమ్మీ'లో కూడా ఈయన డ్రమ్స్ ఉన్నాయి. 2011లో రేడియోహెడ్ వాళ్ళు 'ద కింగ్ ఆఫ్ లింబ్స్' చేసి, లూపులతో కట్టిన ఆ లయల్ని వేదిక మీద వాయించడానికి తమ డ్రమ్మరుతోపాటు రెండో డ్రమ్మరు కావాలనుకున్నారు. ఎవర్ని పిలిచారో చెప్పుకోండి. అవును, తమ 'ఓకే కంప్యూటర్'ని ఓడించిన జట్టులోని డ్రమ్మర్నే. ఇన్నేళ్ళు పంచాయితీలు పెట్టుకున్న మనలాంటి అభిమానులకి ఈయన పేరైనా తెలియదు.

ఇప్పుడు మళ్ళీ ఆ అడ్డగీత దగ్గరికి.

మన ఊళ్ళలో నాటకాల, బుర్రకథల వాల్‌పోస్టర్లు చూసినవాళ్ళకి "ఫలానావారు అండ్ పార్టీ" అన్న మాట తెలుసు. బుర్రకథలో కథకుడు ఒకడు, వంతలు ఇద్దరు. కథకుడు తంబురా పట్టి కథ నడుపుతాడు. వంతల్లో ఒకడు నవ్విస్తాడు, ఇంకొకడు దేశం సంగతులు దెప్పుతాడు. గుమ్మెట మోగేదీ, 'తందాన తాన' అందేదీ వాళ్ళ దగ్గరే. వంత లేని కథ కథే కాదు. పోస్టరు మీద మాత్రం కథకుడి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వంతలు 'పార్టీ'లో కలిసిపోతారు. రోనీ సైజ్ పక్కనున్న అడ్డగీత నాకు ఆ 'అండ్ పార్టీ'లాగే కనిపిస్తుంది.

ఇది మరీ చెడ్డ పద్ధతని అనను. 'అండ్ పార్టీ' అన్న ఆ రెండు మాటలైనా ఉన్నాయి. ఒక్కడే చెయ్యలేదు, వెనక జనం ఉన్నారు అని ఒప్పుకుంటున్నట్టు. మన సినిమా పాటల క్యాసెట్లు గుర్తు తెచ్చుకోండి. సంగీతం ఫలానా, సాహిత్యం ఫలానా, గానం ఫలానా. ఆ పాట మొదట్లో వచ్చే వేణువు, మనం ముప్ఫయ్యేళ్ళుగా ఈల వేస్తున్న ఆ బిట్టు, ఎవరు వాయించారు? అట్ట మీద ఉండేది కాదు. రెహమాన్ తన క్యాసెట్ల మీద వాద్యకారుల పేర్లు వేయించడం మొదలుపెట్టాకే, నవీన్ అంటే వేణువని, కీత్ పీటర్స్ అంటే బేస్ గిటారని మాలాంటివాళ్ళకి తెలిసింది. చిన్న అక్షరాల్లో ఒక వరస. దానికయ్యే సిరా ఎంత?

అలాగని అడ్డగీతకి ఇటువైపున్న మనిషిని తక్కువ చెయ్యడం కూడా తప్పే. "అందరూ సమానమే, నాయకుడు అక్కర్లేదు" అనేవాళ్ళు ఎప్పుడూ ఏదీ పూర్తి చేసి ఉండరు. పదిమంది కలిసి పనిచేసేచోట "ఇది ఉంచుదాం, అది తీసేద్దాం, ఇక చాలు" అని చెప్పేవాడు ఒకడు కావాలి. ఓపెన్‌సోర్సులో వాణ్ణి మెయింటైనర్ అంటాం. లినక్స్ కెర్నెల్లో వేలమంది రాసిన కోడు ఉన్నా, ఏది లోపలికి రావాలో చెప్పే చివరి మాట ఒకరిది ఉంటుంది. ఆల్బంలో రోనీ సైజ్ పని నాకు అలాంటిదే అనిపిస్తుంది. పెద్ద పని, పేరుకి తగిన పని. అతను మెచ్చుకోదగ్గవాడయింది కూడా ఇక్కడే. తన ఒక్కడి పేరూ వేసుకుని మిగతావాళ్ళని అట్ట లోపలికి తోసెయ్యడం సులువే, చాలామంది అదే చేస్తారు. అతను జట్టుకి పేరు పెట్టి, ఆ పేరుని తన పేరు పక్కన నిలబెట్టాడు. రెప్రజెంట్ అన్నది హిప్ హాప్ వాళ్ళ మాట. మన పేటని, మనవాళ్ళని తలెత్తుకునేలా నిలబెట్టడం.

మన సాఫ్ట్‌వేరు పనికి ఇది ఎంత దగ్గరగా ఉందో ఆలోచిస్తే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. నేను పనిచేసిన ఒకచోట (పేరు వద్దులెండి) ఏడాదిన్నర పాటు పదకొండుమంది కష్టపడి ఒక సిస్టం కట్టారు. విడుదల రోజున ఆడిటోరియంలో చూపించిన స్లైడు మీద ఒకే ఒక్క పేరుంది. అందరూ చప్పట్లు కొట్టారు. రాత్రిళ్ళు కూర్చుని పాత డేటా మొత్తం ఒక్క వరస కూడా పోకుండా కొత్త సిస్టంలోకి మార్చిన అమ్మాయి నా పక్క కుర్చీలో ఉంది. తనూ చప్పట్లు కొట్టింది. మూడు నెలల తర్వాత రాజీనామా ఇచ్చింది. కారణం ఆ స్లైడేనని నేననను. కానీ ఆ స్లైడు కింద పది పేర్లకి బోలెడంత జాగా ఉంది, చూశాను.

అన్నట్టు, కోడులో ఏ వరస ఎవరు రాశారో చూపించే కమాండు పేరు ఏంటో తెలుసుగా? బ్లేమ్. గిట్‌లో అదే పేరు. అంటే ఎవరు రాశారన్న ప్రశ్న తిట్టాల్సినప్పుడే వస్తుందన్నమాట! గిట్‌కన్నా ముందొచ్చిన సబ్‌వెర్షన్‌లో ఇదే కమాండుకి ఇంకో పేరు కూడా పెట్టారు, ప్రెయిజ్ అని. రెండూ చేసేది ఒకే పని. ప్రెయిజ్ అని కొట్టినవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు.

మళ్ళీ పాటల్లోకి. 2000లో ఇదే జట్టు 'ఇన్ ద మోడ్' అనే రెండో ఆల్బం తెచ్చింది. ఈసారి అతిథులు మహామహులు. వు-టాంగ్ క్లాన్ నుంచి మెథడ్ మ్యాన్, రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్ నుంచి జాక్ డి లా రోచా, నోటితోనే డ్రమ్స్ వాయించే రాజెల్. పేర్లు చూస్తే మొదటిదాన్ని తలదన్నాలి. విన్నాను, చాలాసార్లు విన్నాను. బాగుంది, కండబలం ఉంది. అయినా మొదటిదానికి వెళ్ళినట్టు దీనికి మళ్ళీ మళ్ళీ వెళ్ళను. పెద్దమనిషి వచ్చాడు, తన వంతు పాడాడు, వెళ్ళిపోయాడు. పాట ఆయన కోసం జాగా వదిలి పెట్టుకుని కూర్చుంది. 'న్యూ ఫార్మ్స్'లో ఆ జాగా ముందే ఉండదు. ఒకళ్ళ పక్కన ఒకళ్ళు సర్దుకుంటూ పోతుంటే పాట తయారవుతుంది. కన్సల్టెంటుని పిలిపించడానికీ టీముతో కలిసి ఏడాది గడపడానికీ ఉన్న తేడా ఇదేననుకుంటాను. రెండిటినీ మనం 'కలిసి పనిచెయ్యడం' అనే పిలుస్తాం. (ఇది నా చెవి మాట. ఒప్పుకోనివాళ్ళు వ్యాఖ్యల్లో దులపండి.)

ఈ పాత ఆల్బం గురించి ఇప్పుడెందుకు ఇంత గోల అంటారా? ఇవాళ మన చేతుల్లో శాంప్లరు కన్నా చాలా పెద్ద పెట్టె ఉంది. రెండు మాటలు టైపు చేస్తే పాట కట్టి ఇస్తుంది, కోడు రాసి ఇస్తుంది. నేను రోజూ వాడుతున్నాను, సాయంగానే ఉంది, మానమని ఎవరికీ చెప్పను. ఎస్1000లో ఇరవై చిల్లర సెకన్లు పట్టేవి. దీంట్లో లక్షలమంది రాసిందీ, వాయించిందీ కరిగి ఉంది. కోల్‌మన్ విషయంలో కనీసం "ఈ ఏడు సెకన్లు ఆయనవి" అని వేలుపెట్టి చూపించగలిగారు కాబట్టే 2015లో ఆ చందాలైనా పోగయ్యాయి. ఇప్పుడు నా స్క్రీను మీద ప్రత్యక్షమయ్యే పది వరసల కోడులో ఎవరి రాత్రుళ్ళు ఎన్ని ఉన్నాయో ఏ బ్లేమ్ కమాండూ చెప్పదు. 'అండ్ పార్టీ' అన్న రెండు మాటలు కూడా మిగల్లేదు. శాంప్లర్ల కాలంలో జరిగినదాన్ని 'పాపం' అని చదువుకున్నాం. ఈసారి ఆ ఏడు సెకన్లు మనవి.

దీనికి నా దగ్గర పెద్ద పరిష్కారం లేదు. చిన్నవి రెండున్నాయి. నా చేతిలో ఉన్న స్లైడు మీద, రిలీజు నోట్సులో, మెయిల్లో పనిచేసినవాళ్ళందరి పేర్లూ రాస్తాను, ఇంటర్న్‌తో సహా. పేర్లు ఎక్కువైపోయాయని ఎవరన్నా అంటే ఫాంటు సైజు తగ్గిస్తాను. రెండోది, నచ్చిన పాట వాయించినవాళ్ళెవరో వెతుక్కుంటాను. ఇప్పటి స్ట్రీమింగ్ యాపుల్లో మొదట కనబడేది ఒక పెద్ద పేరే. మిగతా పేర్లు ఉంటే గింటే రెండు మూడు నొక్కుల లోపల దాక్కుని ఉంటాయి. ఫర్లేదు, నొక్కండి.

వినాలనుకునేవాళ్ళకి నా సలహా. ఫోను స్పీకరులో వినొద్దు, దాంట్లో బేస్ రానే రాదు, అరిటిపండు పారేసి తొక్క తిన్నట్టుంటుంది. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. ముందు 'బ్రౌన్ పేపర్ బ్యాగ్', తర్వాత 'షేర్ ద ఫాల్', ఆ తర్వాత 'రెయిలింగ్'. మొదటి రెండు నిమిషాలు డ్రమ్స్‌ని పట్టించుకోకుండా కాలితో బేస్‌ని పట్టుకోండి. అది దొరికాక మిగతావాళ్ళందరూ ఒక్కొక్కళ్ళే వినిపిస్తారు. వినిపించినవాళ్ళ పేర్లు పైన రాశాను: క్రస్ట్, డై, సువ్, ఒనలీ, డైనమైట్, సై జాన్, క్లైవ్ డీమర్. ఆ, రోనీ సైజ్ కూడా.